గులాబీ కుండీలో మట్టి

"మళ్ళీ నా కుండీ మీద పడ్డావా?" అత్తగారు కుర్చీలోంచే కేకేసింది.

"ఒక్క చెంచాడే అత్తయ్యా!"

కోడలికి అదో పిచ్చి. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. ఎక్కడికెళ్ళినా చెంచాడు మట్టి మూటగట్టుకుని రాకపోతే ఆమెకు తోచదు. తొలకరి వాసన వేసే ఒకరకం మట్టిక్రిములంటే మరీ ప్రాణం. పక్కనున్న క్రిముల్ని చంపడానికి అవి తయారుచేసే రసాలే మనకు మందులవుతాయి మరి!

ఈసారి మాత్రం పిచ్చి కాదు, భయం. అత్తగారి కాలివేలి పుండు ఎంతకీ మానడం లేదు. పూటపూటా మాత్ర కోడలే చేతిలో పెట్టి, నీళ్ళగ్లాసు అందించి ల్యాబ్‌కు పరిగెడుతోంది. కడుపులో తిప్పుతోందని మొదట్లో సణిగిన అత్తగారు తర్వాత మారుమాట్లాడకుండా అందుకుంటోంది. అయినా చీము తగ్గలేదు.

"ఇంత మంచి మందుకే లొంగలేదంటే మొండి క్రిమి. సోమవారం వేలు తీసేద్దాం" అని డాక్టరు తేల్చేశాడు. కోడలి గుండెల్లో రాయి పడింది.

ఆ చీములోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, తన దగ్గరున్న మట్టి అంతా విడివిడిగా దానిమీద చల్లి చూసింది. పార్కు మట్టికి అది చలించలేదు. వంతెన కింద మట్టినీ లెక్కచేయలేదు. బాల్కనీలోని గులాబీ కుండీ మట్టి పడ్డచోట మాత్రం తుడిచిపెట్టుకుపోయింది!

ఆమె ఎగిరి గంతేసింది. తీరా ఆ మట్టిలోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటిగా వేరుచేసి పెంచితే, ఒక్కటంటే ఒక్కటీ ఆ క్రిమిని ఏమీ చేయలేకపోయింది.

"మట్టేమో చంపుతోంది, అందులోని జీవి ఏదీ చంపడం లేదు. ఇదేం వింతమ్మా!" ల్యాబ్ పెద్దాయన బుర్ర గోక్కున్నాడు. "అసలు దొంగ ఎక్కడో దాక్కున్నాడు. మళ్ళీ వెతుకు."

అందుకే ఈ ఆదివారం తవ్వకం.

"అత్తయ్యా, ఇందులో ఏమైనా వేశారా? ఎరువు? టీ పిప్పి?"

"నేనేం వేస్తానే! నీళ్ళు పోస్తానంతే."

"మరి దీనికింత మహిమ ఎక్కడిది? ఆ గుట్టు తెలిస్తే మీ వేలు దక్కుతుంది. రేపే ఆపరేషన్, గుర్తుందా?"

"చోద్యం కాకపోతే, మట్టిలో మందేమిటి?"

"మీ మాత్ర కూడా మొదట మట్టిక్రిమి చేసిందే, తెలుసా?"

అత్తగారు కట్టుకట్టిన కాలివేపు చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఏమైంది?" కోడలు చేతిలో చెంచా కిందపెట్టి దగ్గరికొచ్చింది.

"కోప్పడనంటే ఒకటి చెప్తా."

"చెప్పండి. మీమీద ఎప్పుడైనా కేకలేశానా?"

"నువ్విచ్చిన మాత్రలన్నీ అందులోనే పూడ్చేశానే."