నాలుగో కౌంటర్

విమానం చక్రాలు నేలకు తగలగానే ఫెరియాల్ చప్పట్లు కొట్టింది. పక్కన తేకిన్ మాత్రం ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

పెళ్లయి తొమ్మిది రోజులు. తమ ద్వీపంలోని లెఫ్కోషా నుంచి ఇస్తాంబుల్‌కు గంటన్నర ప్రయాణంలో ఆమె తన ఉంగరాన్ని ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు.

"దిగగానే స్టీమర్ ఎక్కాలి. ఆ తెల్ల పక్షులకి రొట్టె ముక్కలు విసరాలి. గాల్లోనే పట్టేసుకుంటాయట!"

"ముందు మనల్ని బయటికి పోనివ్వాలిగా," అన్నాడు తేకిన్.

"పోనివ్వకపోతే మరీ మంచిది. మా అమ్మ ఇచ్చిన జున్ను రొట్టెలు వాళ్లు ఆపి ఉంచే గదిలోనే కూర్చుని తినేద్దాం. హనీమూన్ గదికి అద్దె కూడా మిగులుతుంది."

అతను నవ్వలేదు.

ద్వీపంలో వాళ్ల ఉత్తరపు సగానికి తాగే నీళ్లు సముద్రం అడుగున పైపులో ఈ దేశం నుంచే వస్తాయి. చేతిలో ఆడే నోట్లు ఈ దేశానివే. ఎక్కడికి ఎగరాలన్నా ముందు ఈ గడ్డ మీదే దిగాలి. ఇది తల్లి దేశమనీ, తమది పిల్ల దేశమనీ పెద్దవాళ్లు మురిపెంగా చెప్పుకుంటారు. ఆ తల్లి పెత్తనం గురించి పత్రికల్లో రాసేవాళ్లకు మాత్రం ఈమధ్య గడప దగ్గరే తలుపు మూసేస్తున్నారు. జాబితా ఒకటి ఉందంటారు. అందులో ఎవరి పేరుందో ముందుగా చెప్పేవాళ్లు లేరు. కౌంటర్‌లో గుర్తింపు కార్డు ఇచ్చాకే తెలుస్తుంది.

తేకిన్ పనిచేసే పత్రికలో అలాంటివి రాసేవాళ్లు ఆరుగురు. ఏడాదిలో అయిదుగురిని ఇక్కడే ఆపి, ఒక గదిలో కూర్చోబెట్టి, తర్వాతి విమానంలో వెనక్కి పంపారు. తిరిగొచ్చిన ప్రతివారికీ డప్పులతో స్వాగతం. ఆఫీసు గోడ మీద ఒక ఫోటో.

బయల్దేరే ముందు, ఆ అయిదుగురిలో ఒకరైన సంపాదకురాలు హుల్యా అక్క ఫెరియాల్‌ను గట్టిగా కౌగిలించుకుంది.

"హాయిగా వెళ్లి రండమ్మా. వీడి సంగతీ తేలిపోతుంది."

అందరూ పకపకా నవ్వారు. తేకిన్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

తనిఖీ హాల్లో ఫెరియాల్ ఖాళీగా ఉన్న రెండో కౌంటర్ వైపు పరుగెత్తింది. తేకిన్ ఆమె చెయ్యి పట్టుకుని నాలుగో కౌంటర్ వరసలోకి లాగాడు. అక్కడ దట్టమైన మీసాల ఆయన ఒక్కో కార్డునూ వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

"ఇదేం వరసయ్యా మహానుభావా! ఆయన మొహం చూడు, పొద్దున్నే పెళ్లాంతో తగువు పెట్టుకుని వచ్చినట్టున్నాడు."

"ఉండనీ. ఇక్కడైతే సరిగ్గా చూస్తారు."

"సరిగ్గా చూడకపోతేనే కదా మనకి లాభం?"

తేకిన్ వరసలో ఒక అడుగు ముందుకు జరిగాడు. రాత్రి కంటి మీద కునుకు లేదు. ఏం తేలినా ఈ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత ఊళ్లో తలెత్తుకుని తిరగడమో, లేకపోవడమో.

ముందు ఫెరియాల్ కార్డు చూసి పక్కన పెట్టాడు మీసాలాయన. తేకిన్ కార్డు తీసుకున్నాడు.

"ఏం చేస్తుంటారు?"

"జర్నలిస్టుని."

ఫెరియాల్ అతని కాలు తొక్కింది. టీచరునని చెప్పమని ఇంటి దగ్గరే నూరిపోసింది.

"ఏ పత్రిక?"

తన పత్రిక పేరు చెప్పాడు తేకిన్. స్పష్టంగా, కాస్త గట్టిగానే. వెనకున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

ఆయన కీబోర్డు మీద ఏదో కొట్టాడు. తెర వైపు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఫోన్ ఎత్తి తగ్గు గొంతుతో మాట్లాడాడు. ఆయన వెనక బూడిద రంగు తలుపు ఒకటి మూసి ఉంది. తేకిన్ దాన్నే చూస్తున్నాడు. ఫెరియాల్ వేళ్లు అతని వేళ్లలోకి దూరి బిగుసుకున్నాయి.

"ఏమీ కాదులే," అని గొణిగింది. ఆమె గొంతులో అల్లరి పోయింది.

ఫోన్ పెట్టేసి ఆయన కార్డు వెనక్కి జరిపాడు.

"మరొక్కసారి చూడండి సార్," అన్నాడు తేకిన్. "పోయిన నెల నీళ్ల పైపు మీద వ్యాసం రాసింది నేనే."

"నోరు ముయ్యవయ్యా!" అంది ఫెరియాల్, పళ్ల మధ్యనుంచి.

మీసాలాయన మొదటిసారి నవ్వాడు.

"చూశాను సార్. కొత్త జంటలా ఉన్నారు, శుభాకాంక్షలు. సంతోషంగా తిరగండి."

ప్రవేశ చీటీ మీద ముద్ర టప్పున పడింది.

గాజు తలుపు దాటగానే ఫెరియాల్ ఎగిరి గంతేసింది. భర్త మెడకు వేలాడింది. అతని చెంపకు చెంప ఆనించి ఫోటో తీసి, అక్కడికక్కడే పత్రిక వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

"మమ్మల్ని ఆపలేదోచ్! తల్లి మనసు కరిగింది!"

ఒకరి తర్వాత ఒకరు చూశారు. హుల్యా అక్క చూసింది. మిగిలిన నలుగురూ చూశారు.

"ఏంటిది? అందరూ చూశారు, ఒక్కరూ పలకరేం?" అంది ఫెరియాల్.

తేకిన్ సూట్‌కేసు మీద కూలబడ్డాడు.

ఆ అయిదు పేర్లూ తానే జాబితా కోసం ఈ దేశపు అధికారులకు రాసి పంపిన ప్రతిసారీ, అనుమానం రాకుండా ఆరో పేరుగా తనదీ చేర్చమని అతను వాళ్లను కాళ్లావేళ్లా పడి బతిమాలుకున్నాడు.