మొహం చూసి మాట్లాడు

ముందు వరుసలోని పెద్దావిడ బల్ల మీద దబదబా చరిచింది. బోర్డు మీద కాలరు బొమ్మ గీస్తూ ఏదో చెప్పుకుపోతున్న కొత్త టీచరు గిరుక్కున వెనక్కి తిరిగింది.

"మాకు వీపు చూపిస్తావేం అమ్మాయ్?" అంది పెద్దావిడ. "మా మొహం చూసి మాట్లాడు. లేకపోతే మాట్లాడకు."

టీచరు గుండె గుభేలుమంది. క్లాసు ఇంకా మొదలైందో లేదో, అప్పుడే తప్పులో కాలేసింది! పొద్దున శిక్షణ కేంద్రం మేనేజరు మరీ మరీ చెప్పాడు. "వీళ్ళు పిల్లలు కారమ్మా. పగలంతా ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి, కాజాలు తీసి, కటింగు నేర్చుకుందామని సాయంత్రం ఇక్కడికొస్తారు. నచ్చకపోతే మొదటి రోజే మొహమాటం లేకుండా పంపించేస్తారు. ఇప్పటికి ఇద్దర్ని పంపించారు. వాళ్ళు సరేనంటేనే నీకు ఉద్యోగం." భర్త పనిచేసే దుకాణం మూతపడింది. ఈ ఉద్యోగం కూడా చెయ్యి జారితే ఇల్లు గడిచే దారి లేదు.

"తప్పయిపోయింది పెద్దమ్మా. అలవాటు చొప్పున తిరిగాను," అంది టీచరు. "పాఠం తర్వాత. ముందు ఒకరికొకరం పరిచయం చేసుకుందాం."

"అదీ మాట! ముందు నువ్వే చెప్పు." పెద్దావిడ కుర్చీలో వెనక్కి వాలి, పరీక్ష పెట్టేదానిలా చూసింది.

అందరూ బల్లలు జరుపుకుని అర్ధచంద్రంగా కూర్చున్నారు. రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తున్నారు. ఈ పరిచయం కోసమే నిన్నంతా అద్దం ముందు సాధన చేసింది. "బండరాయిలా నిలబడ్డావేం? మాటకు తగ్గట్టు మొహం కదలాలి. తొందరపడకు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పు" అంటూ భర్త పక్కనుండి దిద్దాడు కూడా. తీరా ఇప్పుడు చూస్తే చేతులకు చెమటలు పట్టాయి. మొదటి మాటే తడబడింది.

"నిదానం, నిదానం," అన్నాడు నున్నటి చెంపల ఆయనొకడు నవ్వుతూ. "మేమెక్కడికీ పారిపోం."

పక్క గదిలో కుట్టు మిషన్లు ఒకటే రొద. టీచరుకి తల దిమ్మెక్కిపోతోంది. వాళ్ళకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"నాకు కటింగు నేర్పింది మా అత్తగారు," అని మొదలుపెట్టింది. "పెళ్ళయిన కొత్తలో ఆవిడకూ నాకూ ఒక్క మాట కలిసేది కాదు. ఆవిడన్నది నాకు ఎక్కదు, నేనన్నది ఆవిడకు చేరదు. మధ్యలో మా ఆయన! అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేవారు."

"ఉన్నదున్నట్టు చేరవేసేవాడా?" అని అడిగింది ఓ సొట్టబుగ్గల అమ్మాయి.

"ఎక్కడా! సగం మింగేసేవారు."

అందరూ విరగబడి నవ్వారు.

"మా ఇంట్లోనూ అంతే," అన్నాడు నున్నటి చెంపల ఆయన. "చుట్టాలొస్తే గంటసేపు నవ్వుకుంటారు. ఏమిటని అడిగితే, 'ఏం లేదులే, తర్వాత చెప్తాం' అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు."

"మరి అత్తగారితో ఎలా కలిసింది?" పెద్దావిడకు అదే కావాలి.

"ఓసారి ఆయన ఊరెళ్ళారు. నేనేమో చొక్కా గుడ్డని అడ్డదిడ్డంగా కత్తిరించబోతున్నాను. అత్తగారు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఇక తిట్లే అనుకున్నాను. నా వేళ్ళలో కత్తెర సరిచేసి, పక్కనే కూర్చుని నేర్పారు. మధ్యలో ఎవరూ లేరు కదా, తప్పో ఒప్పో మేమే మాట్లాడుకున్నాం. ఇప్పుడు మా ఇద్దరి కబుర్లలో ఆయనకే చోటు లేదు."

పెద్దావిడ ముందుకు వంగింది. "అయితే మీ అత్తగారు మా మనిషే!"

"మీ మనిషే పెద్దమ్మా."

అంతలో ఎవరి మోచెయ్యో తగిలి ఇనప కత్తెర ఖంగుమని నేల మీద పడింది. టీచరు ఉలిక్కిపడింది. మిగతావాళ్ళు తల కూడా తిప్పలేదు. వాళ్ళ చూపంతా ఆమె మీదే ఉంది.

"ఇక మా వంతు," అంది పెద్దావిడ. "రిజిస్టరులో ఏ పేర్లున్నా ఇక్కడ నేను గిరజాలుని. జుట్టు చూశావుగా!"

"నేను గడ్డం," అన్నాడు నున్నటి చెంపల ఆయన. "పెళ్ళికి ముందు ఉండేది. గడ్డం గీస్తే పోయింది, పేరు పోలేదు."

టీచరు ధైర్యం చేసి అడిగేసింది. "ముందొచ్చిన వాళ్ళను ఎందుకు పంపించేశారు?"

"ఒకాయన బోర్డుతోనే కాపురం చేశాడు," అంది గిరజాలు. "ఇంకొకావిడ ఏమడిగినా తలాడించి నవ్వేది. అర్థం కాలేదని ఒప్పుకుంటే ఆవిడ సొమ్మేం పోతుంది? సరే, మా మాట నీకు అందకపోతే ఏం చేస్తావ్?"

"మళ్ళీ చెప్పమంటాను. విసుక్కున్నా సరే, మళ్ళీ అడుగుతాను."

గిరజాలు లేచి తనవాళ్ళ వైపు తిరిగింది. మాటలు చకచకా సాగిపోయాయి. టీచరు సగం కూడా అందుకోలేకపోయింది. అయిపోయింది, మూడో దాన్ని నేనే అనుకుంది.

చివరికి గిరజాలు దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూసింది. "నీ ముక్కుకు సుద్ద అంటుకుంది."

టీచరు గబగబా తుడుచుకోబోయింది.

"ఉండనీ! ఈ రోజునుంచి నువ్వు సుద్దముక్కువి. మేము పేరు పెట్టామంటే ఇక పంపించం."

గుండెల మీది బండ దిగినట్టయింది. ఎంత ఆపుకున్నా టీచరుకి కన్నీళ్ళు ఆగలేదు. గడ్డం రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. వెంటనే గదిలో అందరి చేతులూ లేచి, చప్పట్లకు బదులు గాలిలో ఊగాయి.

ఇంతసేపూ చేతులతోనే మాటలు సాగిన ఆ గదిలో చెవులు వినిపించేది ఆమె ఒక్కదానికే.