వెనక బెంచీలో ప్రశ్న

పాఠం మొదలై కాసేపయ్యాక ఒక కొత్త మనిషి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

లెక్చరరు చెబుతున్న మాట సగంలో ఆపేశాడు.

బైబిలు కాలేజీకి తనిఖీ అధికారి వస్తున్నాడనీ, చెప్పాపెట్టకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం ఆయన అలవాటనీ ప్రిన్సిపాలు నిన్ననే చెప్పాడు. ఆయన మెచ్చితేనే లెక్చరరు ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేకపోతే ఇంటికే.

కానీ ఈయన చొక్కా నలిగిపోయి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫైలూ లేదు, పెన్నూ లేదు.

అధికారేనా? కాకపోతే ఈ క్లాసులో ఈయనకేం పని? లెక్చరరుకు ఎటూ తేలలేదు. ఎందుకైనా మంచిదని గొంతు సవరించుకుని స్వరం పెంచాడు.

"ఐదొందల ఏళ్ల కిందట మత సంస్కర్త లూథర్ చెప్పిందేమిటి? బైబిలుకు బైబిలే వ్యాఖ్యానం. ఒకచోట అర్థం కాకపోతే, స్పష్టంగా ఉన్న ఇంకోచోటి వెలుగులో చదవాలి. సామాన్యుడికి అందాలి. ఈనాడు మనం నేర్చుకోవాల్సింది..."

వెనక చెయ్యి లేచింది.

"సార్, తండ్రుల దోషం పిల్లల మీదికి వస్తుందని ఒకచోట ఉంది. తండ్రి దోషం కొడుకు మొయ్యడని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి?"

లెక్చరరు మనసులోనే ఎగిరి గంతేశాడు. ఇలా ఇరకాటంలో పెట్టేది అధికారులే!

"మంచి ప్రశ్న సార్! ముందుగా ఏ మాట ఏ కాలంలో రాశారో చూడాలి. దీని మీద పండితులు మూడు వర్గాలు..."

బోర్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నిండిపోయింది. హీబ్రూ వచ్చింది, గ్రీకు వచ్చింది. క్లాసులో సగం మందికి ఆవలింతలు వచ్చాయి.

"ఒక్క మాటలో చెప్పరా సార్? వస్తుందా, రాదా?"

"ఒక్క మాటలో తేలేది కాదు సార్. రెండు వైపులా వాదనలున్నాయి."

"అంటే... రావచ్చు కూడా అంటారు."

"అలా అనేవాళ్లూ ఉన్నారు!" హుషారుగా అన్నాడు లెక్చరరు.

కొత్త మనిషి కాసేపు బోర్డు వైపే చూశాడు.

"సరే సార్," అని లేచి వెళ్లిపోయాడు.

మెచ్చుకున్నాడా, నొచ్చుకున్నాడా? లెక్చరరుకు అంతుపట్టలేదు.

ముందు బెంచీలోంచి 'అమ్మమ్మ' లేచింది. రిటైరయ్యాక చదువుకోవాలని చేరినావిడ. క్లాసంతా ఆవిణ్ని అలాగే పిలుస్తారు.

"పుట్టు గుడ్డివాడి సంగతి చెప్పేస్తే పోయేదిగా బాబూ? ఇది వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని శిష్యులడిగితే, ఎవరిదీ కాదన్నాడు కదా ప్రభువు."

"నోటిదాకా వచ్చిందమ్మా, నేనే మింగేశాను. అది చిన్నపిల్లల సండేస్కూలు జవాబు. అధికారి ముందు అదొక్కటే చెప్తే నా ఉద్యోగం ఊడదూ?"



క్లాసు ముగించి బయటికి వస్తుంటే గుమ్మంలోనే ప్రిన్సిపాలు ఎదురయ్యాడు.

"బతికిపోయావయ్యా! అధికారి ఇవాళ రావడం లేదు. వచ్చే వారమట."

"మరి ఇందాక నా క్లాసుకు వచ్చినాయన?"

వాచ్‌మన్‌ను అడుగుదాం పదమన్నాడు ప్రిన్సిపాలు. ఇద్దరూ గేటు దగ్గరికి నడిచారు.

"ఆయనా సార్?" అన్నాడు వాచ్‌మన్. "బైబిలు బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నేనే మీ క్లాసు చూపించా. వెళ్లేటప్పుడు, అడగాల్సింది అడిగారా అన్నా. 'నా వల్లే కావచ్చంట' అన్నాడు."

లెక్చరరుకు ఎందుకో భయమేసింది.

"ఇంతకీ ఎవరాయన?"

"ఎదురు ఆసుపత్రిలో పొద్దున గుండెజబ్బుతో ఒక పాప పుట్టింది సార్, ఆ పాప తండ్రే. 'ఇది నీ పాపమా, నా పాపమా' అని భార్య ఒకటే ఏడుపట. కనుక్కొచ్చి చెప్తానని ఆవిడకు మాటిచ్చి వచ్చాడట."