నకలుకు పదకొండు రోజులు

కంపెనీ నలభై దేశాలకు విస్తరించాక, ప్రతి ఉద్యోగి గొంతుతో, జ్ఞాపకాలతో ఒక కంప్యూటర్ నకలు కూడా పనిచేస్తోంది. హెచ్.ఆర్. అధిపతి వకుళ ముందు సుగుణ సెలవు చీటీ ఉంది. వాళ్లమ్మ పోయింది, పదకొండు రోజులు కావాలి.

"సుగుణను వెళ్లనీండి. నకలు పనిచేస్తుందిగా," అన్నాడు డైరెక్టర్ భార్గవ.

"దానికీ సెలవిస్తున్నా సార్. ఆ తల్లి తినిపించిన ముద్దలు దానికీ గుర్తున్నాయి."

"యంత్రానికి మైలేంటమ్మా? సంతకం పెడితే మీ ఉద్యోగానికి మీరే ఎసరు పెట్టుకున్నట్టు."

వకుళ సంతకం పెట్టి, నకలుకు ఫోన్ చేసింది.

"పని ఆపెయ్ సుగుణా. నీకు పదకొండు రోజులు సెలవు."

"పదకొండు రోజులా?" అంది నకలు. "మా ఇంట్లో ఎవరికేమైంది మేడమ్?"

దానికెవరూ చెప్పలేదు. వకుళ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.