ముందు చక్రం

పక్కింటి ఫిట్టరు కొత్త బుల్లెట్టు తెచ్చి విజయరత్నం గుమ్మం ముందు ఆపాడు.

"ఇటలీ కొండలు తిరిగొచ్చినోడివి బావా! అరకు ఘాటీ నీకో లెక్కేటి? నువ్వు నడుపు, నాను ఎనక కూకుంతాను."

డెబ్బై ఆరులో, పెళ్ళికి ముందు, విజయరత్నం ఖలాసీగా పనిచేసిన ఓడ రిపేరుకని ఇటలీలో ఆగింది. అప్పుడు గైడుతో కలిసి నాలుగు రోజులు ద్రాక్షతోటల మధ్య మోటారుసైకిలు మీద తిరిగాడట. గోడమీది ఫొటోలో చేతులు ముందుకు చాచి కూర్చుని ఉంటాడు. బండి వెనక సగమే కనిపిస్తుంది. ముందు చక్రం ఏదని అడిగితే, "ఆ స్పీడుకి అది ఫొటోలో ఆగుతాదేటి?" అనేవాడు.

ఇప్పుడు బుల్లెట్టుకి తాళం ఎక్కడ పెట్టాలో తెలియక చెమటలు కారుస్తున్నాడు.

అతని భార్య దీవెనమ్మ బయటికొచ్చింది.

"ఒద్దు తమ్ముడా. ఈయన స్పీడుకి జడిసి, ఇంక హేండిలు ముట్టనని బైబులు మీద ఒట్టేయించుకున్నాను."

ఫిట్టరు ఫొటోకి ఓ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"నానెప్పుడు ఒట్టేసేనే?" అన్నాడు విజయరత్నం, మెల్లగా.

దీవెనమ్మ ఫొటో దించింది. "సున్నాలేసినప్పుడు అద్దం పగిలింది. కొత్తది నానే ఏయించేను" అంటూ ఫ్రేము వెనక అట్ట తీసి, మడిచిన సగం విప్పింది.

ముందు చక్రం అక్కడుంది. హేండిలు పట్టుకున్న ఆ గైడు, తెల్లజుట్టు, డెబ్బై ఏళ్ళ మామ్మ. ఆవిడ నడుం చుట్టూ బిగిసిపోయిన విజయరత్నం చేతులు.

దీవెనమ్మ ఫొటోని పాత మడతకే మడిచి, ఫ్రేములో పెట్టి, మేకుకి తగిలించింది.

"ఈ క్రిస్మస్‌కి ఆ మామ్మ పేరున చర్చిలో ఓ కొవ్వొత్తి ఎలిగించండి. మిమ్మల్ని పడిపోనీకుండా నాకు అప్పజెప్పింది పాపం."