ఇరవయ్యో విద్యార్థి

పెరట్లో కోళ్ళ పంచాయతీ కూర్చుంది. గద్ద నీడను గుర్తుపట్టడం నేర్పే బడికి ఏటా ఇచ్చే కుంచెడు నూకలు ఈసారి ఇవ్వాలా, మానాలా అన్నది మాట. ఆ బడి నడిపే ముసలి గిన్నెకోడి ఓ పక్కన నిలబడి వింటోంది.

“ఏడాదిగా గద్ద ఒక్క పిల్లనీ ఎత్తుకుపోలేదు. ఇంకా పాఠాలెందుకమ్మా?” అన్నాడు సర్పంచి పుంజు. “పైగా ఇరవై మందికి నేర్పుతానన్నావు, నేర్చుకున్నది పంతొమ్మిది మందే. రోజూ గోడెక్కి చూస్తూనే ఉన్నాగా!”



అంతలో నేలమీద నల్లటి నీడ జారింది. అందరికంటే ముందు పుంజే ముళ్ళకంప కిందికి దూరాడు. తల దించి, రెక్కలు ముడిచి, అచ్చం పాఠంలో చెప్పినట్టే నక్కాడు. మిగతా కోళ్ళూ వెనకే దూరాయి. గద్ద ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయింది.

గిన్నెకోడికి ప్రాణం లేచొచ్చింది.

“ఇరవయ్యోవారు కూడా పాసయ్యారు, ఇక బయటికి రండి సర్పంచిగారూ” అంది.