నాలుగు గంటల ఫోను

నాలుగు దాటి పది నిమిషాలైంది. ఫోను మోగలేదు.

విద్యావతి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. లైను బాగానే ఉంది. మూడు రోజులుగా ఆమె ఇదే పని చేస్తోంది.

నారాయణగూడలో బట్టల దుకాణం మీద మేడగది అది. కష్టంలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల కోసం ప్రార్థించే సేవను ఓ చిన్న క్రైస్తవ ప్రార్థనా సంఘం అక్కడ నడుపుతోంది. మధ్యాహ్నం పూట ఫోను ఎత్తే వంతు విద్యావతిది. పేరు, కష్టం అడగాలి. దేవుడు నీ పక్కనే ఉన్నాడని చెప్పాలి. ప్రార్థన చేయాలి. మన గోడు మాత్రం అవతలివాళ్ల దగ్గర వెళ్లబోసుకోకూడదు.

ఆ నియమాన్ని ఆమె పదకొండు నెలల కిందట ఒక్కసారి తప్పింది.

అప్పటికి కొడుకు ప్రేమ్‌సాగర్ పోయి నలభై రోజులు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటూ, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఇంటికొస్తుంటే లారీ గుద్దింది. ఊళ్లో వాళ్లందరికీ దేవుడు తోడున్నాడని చెప్పే మనిషికి, ఆ మాట తనకే అబద్ధంలా వినపడసాగింది. ఇక బతికి ఎవరిని ఉద్ధరించాలి అనుకుంది. అదే ఆఖరి రోజని గట్టిగా అనుకునే వచ్చి కుర్చీలో కూర్చుంది. అప్పుడు మోగింది ఫోను.

"నా పేరు రాజేశం అమ్మా. అడిక్‌మెట్ల ఉంట, తాపీ మేస్త్రిని. మేం మల్లన్నను మొక్కుతం. మీకేం ఇబ్బంది లేదు గద?"

"లేదన్నా, చెప్పండి."

"మా ఇంటామె సమ్మక్కకు కిడ్నీలు ఖరాబైనయి. దవాఖానల ఉన్నది. డాక్టర్లు ఏం చెప్తలేరు. దేవుడున్నడా అమ్మా?"

రోజూ తడుముకోకుండా చెప్పే జవాబు ఆ రోజు రాలేదు. ఏడుపు వచ్చింది. కొడుకు సంగతంతా చెప్పేసింది. రేపు తాను ఈ కుర్చీలోనే కాదు, ఎక్కడా ఉండనని కూడా చెప్పేసింది.

"చెల్లె," అన్నాడు రాజేశం. "రేపు నాలుగింటికి మల్ల చేస్త. నువ్వే ఎత్తాలె. వేరేటోల్లు ఎత్తితే మా సమ్మక్క సంగతి మల్ల మొదటికెల్లి చెప్పుకోవాలె. నాతోని కాదు."

ముక్కూమొహం తెలియని మనిషి పెట్టిన గడువు అది. ఒక్క రోజే కదా అని ఆగింది. మర్నాడు సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది.

"ఎట్లుందన్నా?"

"నిమ్మళంగ పండుకున్నది చెల్లె." ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వు తిన్నవా?"

"లేదు."

"తిను. మా సమ్మక్క కోసం ప్రార్థన చేసేటామె కడుపు మాడ్చుకుంటే ఎట్ల? రేపు మల్ల చేస్త."

అలా రోజూ. ఓ రోజు సమ్మక్క రెండు చెంచాల గంజి తాగిందనేవాడు, ఇంకో రోజు జ్వరం వచ్చిందనేవాడు. ఇంటికి పంపిస్తారనుకునేలోపు మళ్లీ ఏదో ఒకటి. వచ్చి చూస్తానంటే, "లోపటికి రానియ్యరు చెల్లె. ఆన్నుంచే ప్రార్థన చెయ్యి" అనేవాడు.

విద్యావతికి పంతం వచ్చింది. నా కొడుకును తీసుకున్నావు, నోరు మూసుకున్నాను, ఈవిడ జోలికి మాత్రం రావద్దు అని రోజూ దేవుడితో తగాదా పెట్టుకునేది. తగాదాకైనా ఆయన ఉండాలి కదా. అలా అలా ఉన్నాడనే నమ్మింది. అన్నం తినడం, రాత్రి పడుకోవడం మళ్లీ అలవాటయ్యాయి. సమ్మక్క బతికితే తన నమ్మకమూ బతుకుతుంది. లేకపోతే లేదు.

ఇప్పుడు మూడు రోజులుగా ఫోను లేదు. తనే చేస్తే స్విచాఫ్. ఇంక ఆగలేక ఆటో ఎక్కింది. చిక్కడపల్లిలో లైబ్రరీ రాగానే కళ్లు గట్టిగా మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాడేమో, ఆటోవాలా కాసేపు హారన్ కొట్టడం మానేశాడు.

అడిక్‌మెట్‌లో పిండిగిర్ని దగ్గర అడిగితే, తాపీ మేస్త్రి ఇల్లు చూపించారు. ఇంటి ముందు నులక మంచం మీద ఓ పెద్దాయన పడుకుని ఉన్నాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఓ అమ్మాయి చెంచాతో జావ పోస్తోంది.

"ఎవరు గావాలె?"

"నేను విద్యావతిని. నారాయణగూడ..."

చెంచా ఆగిపోయింది. "నాన్నా, మీ చెల్లె వచ్చింది."

రాజేశం నోరు తెరిచాడు. శబ్దమే వచ్చింది, మాట రాలేదు.

"నేను బిడ్డను, నవనీత," అంది అమ్మాయి. "మొన్న పనికాడ పడిపోయిండు. పక్షవాతం అన్నరు. మాట పడిపోయింది, ఫోన్ పగిలింది. నాలుగైతే చాలు, గడియారం దిక్కు చూసి ఒకటే ఏడుస్తుండు."

పదకొండు నెలల్లో ఆ ముఖం చూడటం అదే మొదలు. విద్యావతి మంచం అంచున కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

"నేనున్నానన్నా. సమ్మక్కను నేను చూసుకుంటా. ఏ దవాఖాన, ఏ వార్డు? ఇప్పుడే పోతా."

నవనీత ఏదో చెప్పబోయింది. రాజేశం ఆడుతున్న ఆ ఒక్క చేత్తో కూతురి చున్నీ పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు. అతని కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి కారాయి.

విద్యావతికి అర్థమైంది. అంతా అయిపోయింది. ఇన్ని నెలలు వేడుకున్నా దేవుడు మళ్లీ అదే పని చేశాడు. ఇంక ఆయనతో మాటల్లేవు అనుకుంది. మెల్లగా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి నడిచింది. గుండెలో ఏమీ మిగల్లేదు.

నవనీత వెనకాలే ఉరికొచ్చి చేయి పట్టుకుంది.

"ఆగుండ్రి ఆంటీ. చెప్పొద్దంటుండు నాన్న. కానీ మీరిట్ల పోతుంటే నాకు భయమైతుంది."

"ఎప్పుడు పోయిందమ్మా? మొన్ననా?"

నవనీత ఒకసారి వెనక్కి, మంచం వైపు చూసింది.

"నాన్న మీకు రెండో ఫోను చేసిందే అమ్మను బొందపెట్టి వచ్చినంక, ఆంటీ."